బండి స్ప్రాకెట్ పళ్ళు మార్చాలనుకునే గోదావరి డెల్టా వాసులకు: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలో మోటారు సైకిలు మనిషిని మాత్రమే మోయదు. అంబాజీపేటకు కొబ్బరికాయల బస్తా, రావులపాలెం మార్కెట్టుకు అరటి గెలలు, చెరువు గట్టు మీదికి రొయ్యల మేత సంచులు, కడియం నర్సరీ నుంచి మొక్కల బుట్టలు, వీటన్నిటినీ మోసేది ఆ వంద సీసీ బండే. అది లాగడం లేదని షెడ్డులో అన్నామంటే మెకానిక్ నోట వచ్చే మొదటి మాట, "ముందు ఒక పన్ను తగ్గించుకోండి, లాగేత్తది". స్ప్రాకెట్ అంటే చైన్ ఎక్కి తిరిగే పళ్ళ చక్రం. ఇంజను దగ్గర చిన్నది ఒకటి, అదే ముందు స్ప్రాకెట్, వెనక చక్రానికి పెద్దది ఒకటి ఉంటాయి. మెకానిక్ తగ్గించమనేది ముందుదానిలో ఒక పన్నును. జాతీయ రహదారి 216 మీద రోజూ కాకినాడ వెళ్ళి వచ్చేవారికి దీనికి సరిగ్గా ఎదురు సలహా, అంటే ఒక పన్ను పెంచుకోమనే మాట వినిపిస్తుంది. ఈ రెండు సలహాలలో ఏది ఎవరికి పనికి వస్తుందో, ఏది ఎవరికి డబ్బు దండగో తేల్చుకోవడానికి ఉపయోగపడే ప్రశ్నలను ఇక్కడ చేర్చాను. లెక్కలన్నిటికీ ముందు స్ప్రాకెట్‌కు 14 పళ్ళు, వెనకదానికి 42 పళ్ళు ఉన్న బండిని ఉదాహరణగా తీసుకున్నాను. మీ బండి అంకెలు వేరైతే వాటిని పెట్టి లెక్క వేసుకోవాలి.

స్ప్రాకెట్ మార్చితే ఇంజను శక్తి పెరుగుతుందా?

పెరగదు. ఇంజను ఎన్ని గుర్రాల శక్తి ఇస్తుందో స్ప్రాకెట్ మార్చిన తరువాత కూడా అంతే ఇస్తుంది. మారేది ఆ శక్తి చక్రానికి చేరే తీరు మాత్రమే. పాతకాలపు ఏతం తొక్కినవారికి ఇది చెప్పనక్కరలేదు: దూలం మీద ఊతం నుంచి దూరంగా అడుగు వేస్తే బాన తేలికగా లేస్తుంది, కానీ ఆ తేలికకు బదులుగా ఎక్కువ దూరం నడవాలి. స్ప్రాకెట్లలోనూ అదే లావాదేవీ. వెనక పళ్ళ సంఖ్యను ముందు పళ్ళ సంఖ్యతో భాగించగా వచ్చేది నిష్పత్తి. 42ను 14తో భాగిస్తే 3 వస్తుంది, అంటే ముందు స్ప్రాకెట్ మూడు చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. నిష్పత్తి పెరిగితే లాగుడు పెరిగి, అదే వేగానికి ఇంజను ఎక్కువ తిరుగుతుంది. తగ్గితే ఇంజను నెమ్మదిగా తిరిగి లాగుడు తగ్గుతుంది. ఈ మార్పు ఒక గేరుకు పరిమితం కాదు, మొదటి గేరు నుంచి చివరి గేరు దాకా అన్నిటికీ ఒకే శాతంలో వర్తిస్తుంది.

నా బండికి ఎన్ని పళ్ళు ఉన్నాయో ఎలా తెలుసుకోవాలి?

చాలా స్ప్రాకెట్ల మీద పళ్ళ సంఖ్య, చైన్ సైజు అచ్చు వేసి ఉంటాయి, అయితే గ్రీజు తుడిస్తే తప్ప కనిపించవు. అచ్చు కనిపించకపోతే ఒక పన్ను మీద సుద్దతో గుర్తు పెట్టి లెక్కించాలి. పాత బండి కొన్నవారు ఈ పని తప్పకుండా చేయాలని నా మనవి. ముందు యజమాని ఎప్పుడో మార్చేసిన స్ప్రాకెట్‌ను కంపెనీదే అనుకుని దాని మీద ఇంకొక పన్ను తగ్గించినవారిని చూశాను.

పళ్ళు మార్చే ముందు చూసుకోవలసినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. "లాగడం లేదు" అనే ఫిర్యాదులలో సగానికి స్ప్రాకెట్ బాధ్యత కాదు. టైర్లలో గాలి తక్కువగా ఉండడం, బ్రేకు షూలు పట్టేసి ఉండడం, క్లచ్ ప్లేట్లు అరిగి జారడం, గాలి ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోవడం, చైన్ బిర్రుగా బిగించి ఉండడం, ఇవన్నీ అదే లక్షణాన్ని చూపిస్తాయి. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. అది ఒకటి రెండు చుట్లయినా హాయిగా తిరగకపోతే ముందు దాని సంగతి తేల్చాలి. క్లచ్ జారుతున్న బండికి 13 పళ్ళు వేస్తే కొంతకాలం బాగున్నట్టే అనిపిస్తుంది, ఎందుకంటే క్లచ్ మీద భారం కొద్దిగా తగ్గుతుంది. కానీ జబ్బు లోపలే ఉండిపోతుంది.

ముందు ఒక పన్ను మార్చడం, వెనక కొన్ని పళ్ళు మార్చడం రెండూ ఒకటేనా?

నిష్పత్తి వరకే అయితే దాదాపు ఒకటే. ముందు 14కు బదులు 13 వేస్తే 42ను 13తో భాగించాలి, 3.23 వస్తుంది. ముందు 14నే ఉంచి వెనక 45 వేస్తే 3.21 వస్తుంది. అంటే ముందు ఒక పన్ను వెనక మూడు పళ్ళకు సమానం. ముందు స్ప్రాకెట్ చిన్నది కాబట్టి ధర తక్కువ, విప్పడానికి చక్రం ఊడదీయనక్కరలేదు, నచ్చకపోతే గంటలో తిరిగి మార్చుకోవచ్చు. అందుకే ప్రయోగమంటూ చేస్తే ముందు స్ప్రాకెట్‌తోనే మొదలుపెట్టాలి. ప్రయోగం ఫలించి ఆ నిష్పత్తే శాశ్వతంగా ఉంచుకోవాలనుకుంటే, తరువాత చైన్ సెట్టు, అంటే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చే రోజున ముందు 14 పెట్టి వెనక పెద్దది వేయించుకోవడం మేలు. దానికి కారణం కింద మరొక జవాబులో ఉంది.

ఒక పన్ను తేడాకు వేగంలో ఎంత తేడా వస్తుంది?

గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి ఒక కిలోమీటరు. 18 అంగుళాల రిమ్ము మీద ఉండే మామూలు టైరు చుట్టుకొలత సుమారు 1.9 మీటర్లు. అంటే ఆ నిమిషంలో వెనక చక్రం దాదాపు 526 చుట్లు తిరుగుతుంది, 14 పళ్ళ ముందు స్ప్రాకెట్ 1,579 చుట్లు తిరుగుతుంది. 13 పళ్ళు వేస్తే ఈ 1,579 కాస్తా 1,700 అవుతుంది, 15 వేస్తే 1,474కు దిగుతుంది.

ఇంజను చుట్లు కూడా ఇదే పాళ్ళలో మారతాయి. టాప్ గేరులో 60 దగ్గర మీ ఇంజను నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. 13 పళ్ళతో అదే వేగానికి సుమారు 5,385 చుట్లు, 15 పళ్ళతో సుమారు 4,667 చుట్లు తిరుగుతుంది. తిప్పి చెప్పాలంటే, అదే 5,000 చుట్ల దగ్గర బండి 13 పళ్ళతో దాదాపు 56 కిలోమీటర్ల వేగంతోనూ, 15 పళ్ళతో 64 కిలోమీటర్ల వేగంతోనూ పోతుంది. వినడానికి ఇది చిన్న తేడాగానే ఉంటుంది. కానీ రోజూ నడిపే బండి మీద మీ చెవి ఈ తేడాను మొదటి ఫర్లాంగులోనే పట్టేస్తుంది.

టైరు సైజు కూడా ఈ లెక్కలోకి వస్తుందని మరచిపోకూడదు. 2.75 టైరు తీసి 3.00 టైరు వేయిస్తే చుట్టుకొలత ఇంచుమించు 2 శాతం పెరుగుతుంది. అంటే మీకు తెలియకుండానే ముందు స్ప్రాకెట్‌లో మూడో వంతు పన్ను పెంచినట్టు.

డెల్టా అంతా చదును నేల కదా, ఇక్కడ లాగుడు పెంచుకోవలసిన అవసరం ఏముంది?

ఈ ప్రశ్న సబబైనదే. మారేడుమిల్లి ఘాటు రోడ్డు ఎక్కేవారికి ఉన్నంత అవసరం అమలాపురంలో తిరిగేవారికి ఉండదు. అయినా డెల్టా నేల చదునన్నది పటం మీద నిజమైనంతగా బండి మీద నిజం కాదు. ఇక్కడి ఎత్తులన్నీ పొట్టివి, నిటారువి, పైగా నెమ్మదిగా ఎక్కవలసినవి. పొలం నుంచి ఏటిగట్టు మీదికి చేరే మట్టి దారిని చూడండి. దాని పొడవు ఇరవై ముప్ఫై అడుగులే అయినా, కింద మలుపు ఉండడం వల్ల ఊపు తీసుకోవడానికి చోటుండదు. వెనక బస్తా ఉన్న బండిని మొదటి గేరులో, సగం క్లచ్ నొక్కి, ఇంజను ఏడుస్తుండగా ఎక్కించవలసిందే. కాలువల మీద పాతకాలపు వంతెనలదీ ఇదే తీరు, మధ్యలో ఒంటె మూపురంలా లేచి ఉంటాయి.

అన్నిటికన్నా మంచి పరీక్ష సఖినేటిపల్లి రేవులో జరుగుతుంది. నర్సాపురం వైపు దాటడానికి బండిని పంటు మీదికి ఎక్కించేటప్పుడు, గోదావరి పోటు మీద ఉంటే దారి దాదాపు సమంగా ఉంటుంది. పాటు మీద ఉంటే పంటు కిందికి దిగి, రేవు వాలు పెరుగుతుంది. అవతలి గట్టున దిగి పైకి ఎక్కేటప్పుడు తడి బురద మీద చక్రం జారకుండా, ఇంజను ఆగిపోకుండా, నడక వేగంతో ఎక్కించాలి. ముందూ వెనకా జనం, సైకిళ్ళు, చేపల బుట్టలు. అక్కడ క్లచ్‌ను ఎంతసేపు సగంలో పట్టి ఉంచవలసి వస్తున్నదో గమనించండి. మూడు నాలుగు సెకన్లలో వదిలేయగలిగితే మీ నిష్పత్తి సరిపోయినట్టే. గట్టు పైకి చేరేదాకా వదలలేకపోతుంటే, క్లచ్ కాలిన వాసన వస్తుంటే, మీకు ఒక పన్ను తగ్గించుకోవలసిన అవసరం నిజంగా ఉంది.

గాలి మరొక అదృశ్యమైన ఎత్తు. అంతర్వేది, ఓడలరేవు వంటి తీరపు ఊళ్ళ రోడ్ల మీద మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి వీచే ఎదురుగాలిలో వంద సీసీ బండి టాప్ గేరులో ఉస్సూరంటుంది. అయితే దీనికి మందు మూడో గేరులో నడపడమే. రోజులో ఒక గంట వీచే గాలి కోసం స్ప్రాకెట్ మార్చమని నేను చెప్పను.

ఒక పన్ను తగ్గిస్తే ఎంత బరువు తేలికైనట్టు?

వంద సీసీ బండి బరువు సుమారు 112 కిలోలు, నడిపే మనిషి 65 కిలోలు, వెనక 75 కిలోల ధాన్యం బస్తా ఒకటి అనుకుంటే మొత్తం 252 కిలోలు. ఎత్తు ఎక్కేటప్పుడు కావలసిన తోపుడు మొత్తం బరువుకు అనులోమంగా ఉంటుంది. 14 నుంచి 13కు దిగితే చక్రం దగ్గర తోపుడు దాదాపు 7.7 శాతం పెరుగుతుంది. కాబట్టి 13 పళ్ళతో 252 కిలోలను ఎక్కించడం, 14 పళ్ళతో 234 కిలోలను ఎక్కించడంతో సమానం. తేడా 18 కిలోలు, అంటే బస్తాలో పావు వంతు కంటే కొంచెం తక్కువ.

ఈ అంకెను నేను షెడ్డుల దగ్గర చాలామందికి చెప్పి చూశాను. ఇంతేనా అని కొందరు నిరాశ పడ్డారు. నిరాశ పడినవారు సాధారణంగా రెండు బస్తాలు వేసేవారు. రెండో బస్తా బరువును ఏ స్ప్రాకెట్టూ తీర్చలేదు. పళ్ళు మార్చినంత మాత్రాన బ్రేకులు, రిమ్ములు, వెనక షాక్ అబ్జార్బర్లు బలపడవన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ముందు ఒక పన్ను పెంచితే మైలేజీ పెరుగుతుందా?

ఎలా నడుపుతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఒక్కరే, బరువు లేకుండా, తిన్నని రోడ్డు మీద 45, 50 కిలోమీటర్ల నిలకడ వేగంతో పోయేవారికి 15 పళ్ళతో ఇంజను చుట్లు 6.7 శాతం తగ్గుతాయి, పెట్రోలు కొంత ఆదా అవుతుంది. కానీ ఆదా 6.7 శాతం ఉంటుందని ఆశించరాదు, ఎందుకంటే గాలిని చీల్చడానికీ టైర్ల రాపిడికీ కావలసిన శక్తి పళ్ళతో సంబంధం లేకుండా అంతే ఉంటుంది. తగ్గేది ఇంజను లోపలి రాపిడి నష్టం మాత్రమే.

ఇక ఊళ్ళ మీదుగా వెళ్ళేవారి సంగతి వేరు. కోనసీమ రోడ్లకు ఊరు ఊరుకూ మధ్య ఖాళీ తక్కువ. స్పీడు బ్రేకరు, మలుపు, కాలువ వంతెన, ఎదురుగా వచ్చే కొబ్బరి లారీ, ఇలా కిలోమీటరులో రెండు మూడుసార్లు వేగం తగ్గించి మళ్ళీ అందుకోవాలి. 15 పళ్ళు వేసినవారు ఇటువంటి రోడ్డు మీద టాప్ గేరుకు చేరడం ఆలస్యమై, ఎక్కువ దూరం మూడో గేరులోనే నడిపి, పాత మైలేజీ కంటే తక్కువ తెచ్చుకుంటారు. నా మటుకు నేను ఈ ప్రాంతంలో మైలేజీ కోసం పన్ను పెంచమని ఎవరికీ సలహా ఇవ్వను. ఇచ్చినా, ట్యాంకు నిండుగా పోయించి, అయిపోవచ్చాక మళ్ళీ నిండుగా పోయించి, కనీసం రెండుసార్లు లెక్క రాసుకున్నాక మాట్లాడమంటాను.

పన్ను పెంచితే టాప్ స్పీడు పెరగాలి కదా?

పెరగాలన్న నియమం లేదు. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. ఎనిమిది గుర్రాల శక్తి గల బండి టాప్ గేరులో ఇప్పటికే తన బలమంతా ఖర్చు చేస్తున్నదనుకుంటే, పన్ను పెంచినప్పుడు ఇంజను తన బలం ఎక్కువగా ఉండే చుట్ల దాకా చేరలేక, వెనకటి కంటే తక్కువ వేగం దగ్గరే ఆగిపోతుంది. 15 వేసి 95 రావాలనుకున్నవారికి ఉన్న 85 కూడా అందకపోవడం ఇందువల్లే. శక్తి మిగులు ఉన్న 200 సీసీ పైబడిన బండ్లలో పన్ను పెంచడానికి అర్థం ఉంటుంది, అక్కడ కూడా దాని వల్ల వచ్చే అసలు లాభం హైవే మీద ఇంజను ప్రశాంతంగా తిరగడమే.

గేర్లు లేని టీవీఎస్ ఎక్సెల్ బండికి ఇవే మాటలు వర్తిస్తాయా?

వర్తిస్తాయి, ఇంకా గట్టిగా వర్తిస్తాయి. డెల్టాలో బరువు మోసే బండ్లలో ఎక్సెల్‌దే పెద్ద పీట. దానికి ఉన్నది ఒకే వేగపు గేరు, చుట్లు పెరిగితే తనంతట తాను పట్టుకునే క్లచ్. గేర్ల బండి నడిపేవారికి నిష్పత్తి కుదరకపోతే కింది గేరు ఉంది. ఎక్సెల్ నడిపేవారికి ఆ దారి లేదు, కంపెనీ ఇచ్చిన ఒక్క నిష్పత్తితోనే ఏటిగట్టు ఎక్కాలి, అదే నిష్పత్తితో తార్రోడ్డు మీద పోవాలి. అందువల్ల ఈ బండికి ఒక పన్ను తగ్గించడం వల్ల వచ్చే మేలూ కీడూ రెండూ స్పష్టంగా తెలుస్తాయి. ఎత్తు మీద ఇంజను చుట్లు పడిపోయి క్లచ్ జారుతూ వేడెక్కే బండికి ఇది నిజమైన ఉపశమనం. అదే బండి తార్రోడ్డు మీద ఇంతకుముందు హాయిగా పోయిన వేగానికే ఇప్పుడు గోల పెడుతుంది. పొలానికీ ఇంటికీ మాత్రమే తిరిగే బండికి మార్చవచ్చు. రోజూ ఇరవై కిలోమీటర్లు రోడ్డు మీద పోయే బండికి వద్దు.

స్కూటర్లకు స్ప్రాకెట్లు లేవు. వాటిలో బెల్టు, నిష్పత్తిని తనంతట తాను మార్చే వేరియేటర్ ఉంటాయి కాబట్టి ఈ ప్రశ్నలు వాటికి చెందవు.

ముందు స్ప్రాకెట్ మరీ చిన్నదైతే నష్టమేమిటి?

చైన్ అనేది తాడు కాదు, ముక్కలు ముక్కలుగా వంగే లింకుల వరుస. అది స్ప్రాకెట్ చుట్టూ గుండ్రంగా కాక, పళ్ళ సంఖ్య ఎంతో అన్ని భుజాలున్న బహుభుజిలా తిరుగుతుంది. 14 పళ్ళ మీద ఒక్కో లింకు సుమారు 25.7 డిగ్రీలు వంగితే, 13 పళ్ళ మీద 27.7 డిగ్రీలు వంగుతుంది. ఈ బహుభుజి రూపం వల్ల, స్ప్రాకెట్ ఒకే వేగంతో తిరుగుతున్నా చైన్ వేగం ఒక్కో పన్నుకూ కొద్దిగా పెరిగి తగ్గుతుంది. ఆ ఊగిసలాట 15 పళ్ళకు 2.2 శాతం, 14కు 2.5 శాతం, 13కు 2.9 శాతం. ఇదే వణుకుగా, చప్పుడుగా, చివరికి లింకులను కలిపే పిన్నుల అరుగుదలగా బయటపడుతుంది. దీనికి తోడు ఉన్నది తక్కువ పళ్ళు కావడం వల్ల ఒక్కో పన్నూ ఎక్కువసార్లు పని చేస్తుంది. పై చైన్ కూడా దాదాపు 2 మిల్లీమీటర్లు కిందికి దిగి, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఊగే చట్రం) మీది రబ్బరును రాసుకునే అవకాశం ఉంది. 14 ఉన్న బండికి 13 దాకా దిగవచ్చు. 12 వేయమని అడిగేవారికి నా సమాధానం, ముందు జోలికి పోకుండా వెనక స్ప్రాకెట్ మార్చుకోమని.

వెనక స్ప్రాకెట్ పెద్దది వేస్తే ఇరుకు సమస్యలు వస్తాయా?

రావచ్చు. 428 సైజు చైన్‌కు (ఈ అంకె అర్థం తరువాతి జవాబులో ఉంది) 42 పళ్ళ స్ప్రాకెట్ వ్యాసం పిన్నుల వరకు లెక్కిస్తే సుమారు 170 మిల్లీమీటర్లు, 45 పళ్ళకు 182 మిల్లీమీటర్లు. అంటే చుట్టూ 6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మన వంద సీసీ బండ్లకు చైన్‌ను పూర్తిగా మూసే డబ్బా కవరు ఉంటుంది. ఆ 6 మిల్లీమీటర్లు కవరులో ఖాళీగా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. చోటు చాలక కవరు తీసి పారేసేవారున్నారు. బురద, ఉప్పుగాలి రెండూ ఉన్న ఈ ప్రాంతంలో కవరు తీసేయడమంటే చైన్ ఆయుష్షులో సగం చేతులారా పోగొట్టుకోవడం. వెనక కూర్చునేవారి చీర కుచ్చెళ్ళు, చున్నీలు చైన్‌లో పడే ప్రమాదం అంతకన్నా పెద్దది.

చైన్ పొడవు సంగతి కూడా ఉంది. 112 లింకుల చైన్‌తో ముందు ఒక పన్ను తగ్గిస్తే వెనక ఇరుసును సుమారు 3 మిల్లీమీటర్లు వెనక్కి లాగితే సరిపోతుంది. వెనక మూడు పళ్ళు పెంచితే ఇరుసు 10 మిల్లీమీటర్లు ముందుకు రావాలి. అడ్జస్టరులో అంత చోటు లేకపోతే రెండు లింకులు కలిపిన పొడవైన చైన్ తీసుకోవాలి. ఇరుసు జరిగిన ప్రతిసారీ వెనక డ్రమ్ బ్రేకు రాడ్డు సర్దుబాటు మారుతుంది. దాన్ని సరిచూడకుండా షెడ్డు నుంచి బయలుదేరవద్దు.

పాత చైన్ మీద కొత్త స్ప్రాకెట్ వేయవచ్చా?

చైన్ కొత్తదైతే వేయవచ్చు, అరిగినదైతే వేయరాదు. చైన్ "సాగింది" అంటాం కానీ, సాగేది ఇనుము కాదు. పిన్నులు, వాటి చుట్టూ ఉండే గొట్టాలైన బుష్‌లు అరిగి ప్రతి లింకూ కొద్దికొద్దిగా పొడవవుతుంది. 428 చైన్‌లో ఒక పిన్ను నుంచి మరొక పిన్నుకు 12.7 మిల్లీమీటర్లు, కాబట్టి 20 లింకులకు 254 మిల్లీమీటర్లు ఉండాలి. చైన్‌ను బిగుతుగా పట్టి స్కేలుతో కొలిచినప్పుడు అది 259 దాకా వచ్చిందంటే 2 శాతం పెరిగినట్టు, ఇక దాని పని అయిపోయింది. అంత అరిగిన చైన్ కొత్త స్ప్రాకెట్ పళ్ళ మీద సరిగా కూర్చోక, వాటిని కూడా కొక్కేలలా వంచేస్తుంది.

చైన్ సైజుల అంకెలకు అర్థం తెలిస్తే దుకాణంలో మోసపోరు. మొదటి అంకె పిన్నుల మధ్య దూరాన్ని అంగుళంలో ఎనిమిదో వంతులుగా చెబుతుంది. 428లో 4 అంటే అర అంగుళం, 520లో 5 అంటే అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు. తరువాతి రెండు అంకెలు వెడల్పును సూచిస్తాయి. 420, 428 చైన్ల పిన్నుల మధ్య దూరం ఒకటే కాబట్టి ఒకదాని స్ప్రాకెట్ మీద మరొకటి ఎక్కినట్టే కనిపిస్తుంది, కానీ వెడల్పు కుదరదు.

బేసి పళ్ళు మంచివంటారు, నిజమేనా?

నిజమే, కారణం కూడా సరళమైనదే. చైన్‌లో లింకుల సంఖ్య ఎప్పుడూ సరి సంఖ్యే. 112 లింకులను 14తో భాగిస్తే నిశ్శేషంగా 8 వస్తుంది. అంటే ముందు స్ప్రాకెట్‌లోని ఒక పన్ను జీవితాంతం అవే 8 లింకులను పట్టుకుంటుంది, ఒక పన్ను మీద చిన్న లోపం ఉంటే ఆ 8 లింకులూ అనుభవిస్తాయి. 13 లేదా 15 పళ్ళైతే ప్రతి పన్నూ ప్రతి లింకునూ వంతులవారీగా కలుస్తుంది, అరుగుదల అందరికీ సమంగా పంచబడుతుంది. అయితే ఈ లాభం కోసమే పళ్ళు మార్చడం, వేపకాయంత దానికి వెర్రి అనిపించుకోవడమే. శుభ్రం చేసి నూనె పెట్టే అలవాటు దీనికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పని చేస్తుంది.

స్పీడోమీటరు తప్పు చూపిస్తుందా?

స్పీడోమీటరు కేబుల్ ముందు చక్రం నుంచి వస్తున్నా, సెన్సారు చక్రం దగ్గరే ఉన్నా, స్ప్రాకెట్ మార్చడం వల్ల దానికి ఏమీ కాదు. గేరుబాక్సు దగ్గర సెన్సారు ఉన్న బండ్లలో మాత్రం తప్పు చూపిస్తుంది: 14 నుంచి 13కు దిగితే అసలు వేగం 60 అయినప్పుడు మీటరు 64, 65 చూపి, ఓడోమీటరు కూడా అదే పాళ్ళలో ఎక్కువ తిరుగుతుంది. అప్పుడు మైలేజీ పెరిగిందని సంబరపడేవారు ముందు ఈ సంగతి చూసుకోవాలి. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ సెన్సార్లు చక్రాల దగ్గర ఉంటాయి కాబట్టి వాటికి ఇబ్బంది లేదు.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన 182ఎ సెక్షను, అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానాను, లేదా ఆరు నెలల వరకు జైలు శిక్షను, లేదా రెండింటినీ పేర్కొంటుంది. స్ప్రాకెట్ పళ్ళ సంఖ్య రిజిస్ట్రేషన్ పత్రంలో ఉండే అంశం కాదు. అయినా వారంటీలో ఉన్న బండికి మార్చాలనుకుంటే ముందు షోరూములో అడిగి, వారి జవాబును కాగితం మీద రాయించుకోవడం మంచిది.

బిగించేటప్పుడు ఏం గమనించాలి?

ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట. చాలా చిన్న బండ్లలో ముందు స్ప్రాకెట్‌ను షాఫ్టు మీద ఆపి ఉంచేది ఒక పలుచని ప్లేటు, రెండు చిన్న బోల్టులు. నేను మొదటిసారి 13 పళ్ళు వేయించినప్పుడు, ఒక షెడ్డులో ఆ రెండింటిలో ఒకదాన్ని వేలితో తిప్పి వదిలేశారు. ఇరవై రోజుల తరువాత చించినాడ వంతెన ఎక్కుతుండగా ఎడమ కాలి దగ్గర కటకటమని చప్పుడు మొదలైంది. పక్కకు ఆపి కవరు విప్పితే, ఊడిన బోల్టు అడుగున గ్రీజు ముద్దలో కూరుకుని ఉంది. ప్లేటు ఒక పక్కకు ఒరిగి, కవరు లోపలి గోడ మీద అర్ధచంద్రాకారంలో గాడి చెక్కేసింది. ఆ రెండో బోల్టు కూడా వదిలి ఉంటే, వంతెన మీద, వెనక లారీ ఉండగా, చైన్ ఊడిపోయేది. అప్పటి నుంచి ఆ రెండు బోల్టులూ బిగించేటప్పుడు దగ్గర నిలబడి చూస్తాను, మరలకు థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయమంటాను, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ విప్పి చూస్తాను.

చైన్ రెండు కొసలను కలిపే లాకు క్లిప్పు మూసి ఉన్న కొన చైన్ నడిచే దిశ వైపు ఉండాలి. తిరగేసి వేస్తే ఏదైనా తగిలినప్పుడు క్లిప్పు ఊడుతుంది. చైన్ లూజు, అంటే మధ్యలో పైకీ కిందికీ కదిలే దూరం ఎంత ఉండాలో మీ బండి పుస్తకంలో చూడండి. చాలా బండ్లకు అది 20 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ నాలుగు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోట కొలవాలి. వెనక హబ్బులోని రబ్బర్లు వదులై ఉంటే అదే పనిలో మార్పించుకోండి, లేకపోతే కొత్త స్ప్రాకెట్ వేసినా గేరు మార్చినప్పుడల్లా కుదుపు తెలుస్తూనే ఉంటుంది.

ఉప్పుగాలి, బురద ఉన్న ఊళ్ళలో చైన్ సెట్టును ఎలా కాపాడుకోవాలి?

రొయ్యల చెరువుల మధ్య తిరిగే బండి చైన్‌కు ఉప్పునీటి తుంపర రోజూ తగులుతుంది, వానాకాలంలో దానికి ఒండ్రు బురద తోడవుతుంది. ఒండ్రు మెత్తగా కనిపించినా, ఎండి నూనెలో కలిసిందంటే నూరుడు రాయిలా పని చేస్తుంది. బురదలో తిరిగి వచ్చిన రోజున మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక నూనె పెట్టాలి. తడి మీద పెట్టిన నూనె లోపలికి దిగదు. మామూలు రోజులలో 500 కిలోమీటర్లకు ఒకసారి చాలు. నూనెను లోపలి వైపు నుంచి, లింకు పలకల సందుల్లో పడేలా వేయాలి. పైన పూసిన గ్రీజు దుమ్మును పట్టుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. లింకుల మధ్య రబ్బరు రింగులుండే ఓ-రింగ్ (O-ring) చైన్ ఉన్నవారు పెట్రోలుతోనూ, తీగ బ్రష్షుతోనూ శుభ్రం చేయరాదు, రింగులు పాడవుతాయి.

తేలికపాటి అల్యూమినియం స్ప్రాకెట్లు బాగుంటాయని కొందరు పెద్ద బండ్లవారు అడుగుతారు. ఇక్కడి బురదకు స్టీలే మేలు.

తీసేసిన పాత స్ప్రాకెట్‌ను ఏం చేయాలి?

పళ్ళు అరగకపోతే దాచుకోండి. వరి కోతలు, నూర్పిళ్ళు సాగే రెండు మూడు నెలలు 13 వేసుకుని, బస్తాల పని ముగిశాక 14కు తిరిగి వచ్చేవారున్నారు. చైన్ ఒకటే ఉండి, ఇరుసు 3 మిల్లీమీటర్లే జరగాలి కనుక ఇది గంట పని. అయితే రెండు స్ప్రాకెట్లూ ఒకే చైన్‌తో కలిసి అరగాలి కాబట్టి, ఒకదాన్ని రెండేళ్ళు అటక మీద ఉంచి అరిగిన చైన్ మీద వేయవద్దు. తీసినదాన్ని కిరసనాయిలుతో కడిగి, పలుచగా గ్రీజు రాసి, పాత ట్యూబు ముక్కలో చుట్టి, దాని మీద పళ్ళ సంఖ్య, తీసిన తేదీ, అప్పటికి ఓడోమీటరులో ఉన్న అంకె రాసి పెట్టుకోండి.